మెటికల చప్పుడు, నడుం నొప్పి

మా నాయనమ్మ దిష్టి తీస్తే చివర్న మెటికలు విరవాల్సిందే. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాక, రెండు చేతులతో నా బుగ్గలు నిమిరి, వేళ్ళు మడిచి తన కణతలకు ఆనించి నొక్కేది. పటపటా చప్పుడొచ్చేది. "చూడు, ఎంత దిష్టి తగిలిందో నా తల్లికి!" అనేది. చప్పుడు రాకపోతే మళ్ళీ నిమిరి మళ్ళీ నొక్కేది. అది వినబడ్డాకే ఆవిడ మొహం తేటపడేది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టే ఉండేది.

ముప్పై ఏళ్ళ తర్వాత టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, వెన్నుపూసలను చేత్తో తోసి వైద్యం చేసే కైరోప్రాక్టర్ ఒకాయన బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని ఉండగా నా నడుంలో టప్‌మంది. "వినబడిందా? పూస దాని చోటికి అది వచ్చేసింది" అన్నాడాయన. నాయనమ్మ మొహంలో చూసిన ఆ తేటదనమే ఆయన మొహంలోనూ కనబడింది. నాకూ అదే హాయి. ఆ రెండు చప్పుళ్ళనీ ఆ రోజు కలిపి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఐదు నెలల పాటు నా కొడుకుని ఎత్తుకోకుండా ఉండేదాన్ని కాదు.

కైరోప్రాక్టిక్‌కు వెళ్ళొచ్చా, మసాజ్ పనిచేస్తుందా అని మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతుంటారు. "మా ఆయనకి ఒక్క సిట్టింగుతో పోయింది" అని ఒకరు, "అంతా మోసం" అని ఇంకొకరు. నేను ఈ రెండిట్లో ఏదీ అనను. ఆ చేతుల వల్ల కలిగే ఉపశమనం నిజం, కావాలంటే తీసుకోండి. దాంతో కలిపి అమ్మే కథను మాత్రం కొనకండి. నా విషయంలో చికిత్స కంటే కథకే ఎక్కువ చెల్లించాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందటి మాట. మా చిన్నాడికి పది నెలలు. కార్లోంచి వాడి సీటును వాడితో సహా ఎత్తి బయటికి తీయబోయి, వంగినదాన్ని వంగినట్టే ఆగిపోయాను. నడుం పట్టేసింది. గోడలు పట్టుకుంటూ ఇంట్లోకొచ్చాను. ఊళ్ళో పెద్దవాళ్ళు "నడుం పట్టేసిందే అమ్మా" అని మూలుగుతుంటే వినడమే గానీ, దగ్గినా కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పని అప్పటిదాకా తెలీదు. మూడో రోజున మావారి ఆఫీసులో ఒకాయన చెబితే ఇంటికి దగ్గర్లో ఉన్న కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

వెళ్ళగానే నాలుగు పేజీల ఫారం నింపించుకున్నారు. వంగమన్నారు, నడవమన్నారు, ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్మును తెర మీద పెట్టి ఆయన పెన్సిలుతో గీతలు గీశాడు. మూడు పూసలు వరస తప్పాయన్నాడు. నలభై దాటని నాకు అరవై ఏళ్ళ మనిషి వెన్నెముక ఉందన్నాడు. తర్వాత పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు మడిపించి, భుజాన్ని ఒకవైపూ తుంటిని ఇంకోవైపూ పట్టి ఒక్క తోపు తోశాడు. లేచి నిలబడితే నొప్పి సగానికి తగ్గింది. ఇది నేను దాచను. మూడు రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా నిలబడ్డాను. ఆ సంతోషంలో ఉండగానే బయట రిసెప్షన్‌లో లెక్క చెప్పారు: మూడు నెలల్లో 36 సిట్టింగులు, డబ్బు ముందే కడితే తగ్గింపు. కట్టేశాం.

నొప్పి పది రోజుల్లో చాలావరకు పోయింది. భయం పోలేదు. పూసలు వరస తప్పాయన్న మాట మనసులో పడ్డాక వంగాలంటే భయం, బకెట్ ఎత్తాలంటే భయం. పిల్లాడు చేతులు చాపుకుని వస్తే కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకునేదాన్ని గానీ ఎత్తుకునేదాన్ని కాదు. ఎత్తుకోమని కాళ్ళకు చుట్టుకుని ఏడ్చి, కొన్నాళ్ళకు వాడు నన్ను అడగడమే మానేశాడు. వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళేవాడు. సిట్టింగులు పూర్తయ్యాక, "ఇక నెలకోసారి మెయింటెనెన్స్‌కి రండి" అన్నారు. అప్పటికీ నేను వంగడం లేదు.

అక్కడితో ఆగి, ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే కాసేపు చూసి పక్కన పెట్టేసింది. కింద ఉన్న పది కిలోల ఇనుప గుండును ఎత్తమంది. నా వల్ల కాదన్నాను. "మీ పూసలు ఎక్కడికీ పోలేదు, ఎత్తండి" అంది. ఎత్తాను. ఏమీ కాలేదు. కారెక్కి కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత తెలుసుకున్న సంగతుల్లో అందరికీ చెప్పాల్సినది ఒకటుంది. ఏ నొప్పీ లేని మనుషులకు స్కాన్లు తీసిన 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వేశారు. నొప్పి ఎరగని ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కులు, అంటే పూసల మధ్య ఉండే మెత్తలు, అరిగిన గుర్తులున్నాయి. ఎనభై ఏళ్ళకు అది 96 శాతం. డిస్కు ఉబ్బడం ఇరవైల్లో 30 శాతం మందికి, ఎనభైల్లో 84 శాతం మందికి కనబడింది. తల నెరిసినట్టే వెన్నూ నెరుస్తుంది. నెరిసిన జుట్టు చూపించి "అందుకే మీకు తలనొప్పి" అంటే ఎవరూ ఒప్పుకోరు. వెన్ను కంటికి కనబడదు కాబట్టి ఒప్పుకుంటాం. నెలల తరబడి స్పాండిలోసిస్, డిస్క్ బల్జ్ అని రిపోర్టు చేతబట్టుకుని తిరిగే ప్రతి పిన్నికీ బాబాయికీ ఈ అంకెలు చూపించాలని ఉంటుంది నాకు.

ఈ పూసలు జరగడం అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే కథంతా అర్థమవుతుంది. 1895లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అయస్కాంత వైద్యం చేస్తుండేవాడు. ఆ భవనంలో ఊడ్చి శుభ్రం చేసే హార్వీ లిలార్డ్‌కి చెవులు సరిగా వినబడేవి కావు. పామర్ అతని వీపు మీద ఎత్తుగా ఉన్న పూసను నొక్కి సరిచేశాననీ, దాంతో వినికిడి వచ్చిందనీ ప్రకటించాడు. చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం వెన్నులోంచి పోదు, తలలోనే ఉంటుంది. అయినా ఆ సంఘటన మీద ఒక వైద్యం లేచింది. రోగాల్లో 95 శాతం పూసలు పక్కకు జరగడం వల్లే వస్తాయని పామర్ రాశాడు. ఆ జరగడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సబ్‌లక్సేషన్. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే కౌన్సిలే 2010లో ఒక ప్రకటన చేసింది. సబ్‌లక్సేషన్ వల్ల రోగాలు వస్తాయని చెప్పడానికి పరిశోధనల్లో ఆధారం లేదని అందులో ఉంది. అమెరికాలో మాత్రం పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ చట్టంలో ఆ మాట ఇప్పటికీ ఉంది. దాన్ని సరిచేసే చేతి చికిత్సకు మెడికేర్ డబ్బులిస్తుంది. కైరోప్రాక్టర్ తీసే ఎక్స్‌రేకు, అక్కడే చేసే మసాజుకు ఇవ్వదు.

మరి ఆ టప్‌మనే చప్పుడేంటి? మెటికల్లో వచ్చేదే. కీలులో జిగురులాంటి ద్రవం ఉంటుంది. రెండు ఎముకల చివర్లను ఒక్కసారిగా ఎడంగా లాగితే అక్కడ పీడనం పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగలా విచ్చుకుంటుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎమ్మారై యంత్రంలో వేళ్ళు లాగించి, ఆ ఖాళీ ఏర్పడే క్షణాన్ని వీడియోగా పట్టారు. అదే కీలు మళ్ళీ చప్పుడు చేయాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే కాబోలు, ఒకసారి పలికాక నాయనమ్మ రెండోసారి నొక్కితే మెటికలు పలికేవి కావు. దిష్టి అంతా పోయిందనుకునేది. ఎముక కదిలి చోటు మారిందని ఆ చప్పుడుకి అర్థం లేదు. చప్పుడు రాకపోతే చికిత్స దండగ అనీ లేదు.

ఇంత చెప్పాక "అయితే మోసమేగా" అంటారు. అక్కడే నేను ఆగుతాను. 2017లో అమెరికన్ వైద్యుల సంఘం ఒకటి, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తగా వచ్చిన నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్, వెన్నును చేత్తో సరిచేసే చికిత్స ప్రయత్నించమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో కూడా వ్యాయామంతో పాటు మసాజూ, ఈ చేతి చికిత్సా ఉన్నాయి. మనవాళ్ళు మెడికల్ షాపులో కొని నెలల తరబడి కట్టుకు తిరిగే నడుం బెల్టును మాత్రం అదే సంస్థ వద్దంది, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌ను కూడా. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని వాళ్ళ లెక్క. ఇంతమందికి ఉన్నదాన్ని "నాకొక్కదానికే ఏదో విరిగింది" అని మోసుకు తిరిగాను నేను.

అమెరికన్ వైద్యుల మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది. కొత్తగా పట్టేసిన నడుం ఏ వైద్యం చేసినా, చేయకపోయినా చాలామందికి కొన్నాళ్ళలో దానంతటదే తగ్గుతుంది. ఇది చదివినప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. మా వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టిన పెద్దమ్మ ఒకామె ఉండేది. ఎవరికి నడుం పట్టినా ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. అరుగు మీద బోర్లా పడుకుంటే కుడికాలితో మెల్లగా మూడుసార్లు తన్నేది. పైసా తీసుకునేది కాదు, మంచినీళ్ళిచ్చి పంపేది. అందరికీ తగ్గేది. నా 36 సిట్టింగులూ మొదలైన పది రోజులకు తగ్గింది కూడా అలాంటి నొప్పేనేమో. ఆ పెద్దమ్మ మాత్రం ఎవరికీ "నీ పూసలు జరిగాయి, మళ్ళీ మళ్ళీ రావాలి" అని చెప్పి పంపలేదు.

కాబట్టి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళితే ఏం ఆశించాలి? కొన్ని గంటలో, కొన్ని రోజులో నొప్పి తగ్గొచ్చు. ఆ వెసులుబాటులో మీరు కదలాలి, నడవాలి, వ్యాయామం మొదలెట్టాలి. అసలు పని అక్కడుంది. చేయించుకున్న మర్నాడు ఒళ్ళు పులిసినట్టుంటే కంగారు పడొద్దు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మీ నొప్పి గురించి వివరంగా అడిగే మనిషిని, ఇంట్లో చేసుకునే వ్యాయామం చెప్పే మనిషిని, "ఇది నా పని కాదు, డాక్టరుకి చూపించండి" అనగలిగే మనిషిని ఎంచుకోండి. అలాంటి కైరోప్రాక్టర్లు ఉన్నారు, మా స్నేహితురాలికి దొరికింది. ఐదారు సిట్టింగుల్లో మార్పు లేకపోతే మానేయండి. ముందే కట్టే ప్యాకేజీకి ఒప్పుకోకండి. పిల్లల చెవి నొప్పికి, ఆస్తమాకు కూడా వెన్ను సరిచేస్తామంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఇంకోటి, వాళ్ళ పేరు ముందున్న డాక్టర్ అన్న మాట కైరోప్రాక్టిక్ చదువుకు వచ్చిన పట్టా. ఎంబీబీఎస్, ఎండీ లాంటిది కాదు. అమ్మానాన్నలను తీసుకెళ్ళే ముందు ఈ తేడా వాళ్ళకు చెప్పాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు ఆ తోపుడు చికిత్స వద్దనే నా మాట.

మసాజ్ విషయానికొస్తే నా గొంతు కాస్త మెత్తబడుతుంది. మనం నూనె చేతుల్లో పెరిగిన జాతి. చంటిపిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాసి నలుగు పెట్టి నీళ్ళు పోయడం, బాలింతకు ఒళ్ళంతా పట్టడం, భోగినాటి తలంటు, సాయంత్రం పొలం నుంచి వచ్చిన తాతకు మనవళ్ళు నడుం తొక్కడం. ఇవన్నీ మసాజే. వాటికి కారణం చెప్పి అమ్మాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, హాయిగా ఉండేది, చేసేవాళ్ళం. అమెరికాలో ఉద్యోగానికొచ్చిన ఆడపిల్ల మీద ఏళ్ళ తరబడి ఇలా ఇంకొకరి చెయ్యి పడదు. మొదటిసారి మసాజ్ బల్ల మీద పడుకున్నప్పుడు నా భుజాలు అన్నేళ్ళుగా చెవుల దాకా లాక్కుని ఉన్నాయని తెలిసింది.

మొదటిసారి వెళ్ళే మన ఆడవాళ్ళకు బట్టల గురించే బెంగ. మీకు ఇబ్బంది లేనంతవరకే తీస్తారు, అసలు తీయకుండా కూడా చేయించుకోవచ్చు. ఒంటి మీద దుప్పటి ఉంటుంది, పనిచేసే భాగం దగ్గర మాత్రమే మడుస్తారు. ఆడమనిషే కావాలని ఫోన్లోనే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నొప్పెడుతుంటే ఓర్చుకోవద్దు. డీప్ టిష్యూ (కండల లోపలి పొరల దాకా నొక్కే మసాజ్) అంటే కమిలిపోయేలా నొక్కితేనే పనిచేస్తుందనుకుంటారు మనవాళ్ళు. కమిలితే అది దెబ్బే. ఇక్కడా ఒక కథ అమ్ముతారు: "టాక్సిన్లు కండల్లోంచి బయటికొస్తాయి, నీళ్ళు బాగా తాగండి." మన ఒంట్లో ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తున్నాయి. దాహమైతే తాగండి. మసాజుతో కండలు వదులవుతాయి, నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అది చిన్న విషయమని నేననుకోను.

ఒక్క జాగ్రత్త మాత్రం ఎన్నిసార్లయినా చెబుతాను. మన అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి ఇరవై గంటలకు పైగా కూర్చుని వస్తారు. దిగగానే "పిక్కలు లాగుతున్నాయే" అంటారు, మనం నూనె తెచ్చి పట్టేస్తాం. రెండు కాళ్ళూ లాగితే సరే. ఒక కాలే వాచి, వేడిగా, పిక్క దగ్గర నొప్పిగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నలిపితే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. నేరుగా ఆసుపత్రికే. అలాగే నడుం నొప్పితో పాటు ఒంటేలు తెలియకుండా పడుతున్నా, రాకుండా బిగిసినా, కాళ్ళ మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అది కైరోప్రాక్టర్ పనీ కాదు, మసాజ్ పనీ కాదు. ఆ రోజే అత్యవసర విభాగంలో ఉండాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ ఉన్నా ముందు డాక్టరే చూడాలి.

ఇక మెడ. ఇక్కడ నేను రాజీపడను. మెడ పూసల్లో ఇరుపక్కలా రంధ్రాలుంటాయి. వాటిలోంచి రెండు రక్తనాళాలు మెదడు వెనక భాగానికి వెళతాయి. మెడను ఒక్కసారిగా మెలిపెడితే నాళం లోపలి పొర చిరగొచ్చు, అక్కడ గడ్డ కట్టిన రక్తం మెదడుకు ఎక్కితే పక్షవాతం. ఇది అరుదే. పైగా నాళం ముందే చిరిగి, ఆ మెడ నొప్పితోనే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళూ ఉండొచ్చు కాబట్టి తప్పంతా ఆ చికిత్సదేనని ఖాయంగా తేల్చడం కష్టమని పరిశోధకులే అంటారు. సరే. కానీ మెడ నొప్పికి వ్యాయామం, కాపడం, మెత్తని మసాజ్ ఉండగా, ప్రాణానికి లంకె ఉన్న చోట ఆ మెలిక ఎందుకు? నాకు దీనికి జవాబు దొరకలేదు.

అమెరికాలో కనీసం ఆ తిప్పేవాళ్ళకు చదువూ లైసెన్సూ ఉన్నాయి. మన దగ్గర కైరోప్రాక్టర్‌కు అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. ఫిజియోథెరపిస్టులకైతే 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఉంది. ఇప్పుడు యూట్యూబ్‌లో టపటపమని మెడలు విరిచే వీడియోలు చూసి రెండు వారాల కోర్సు చేసినవాళ్ళు కూడా బోర్డు పెడుతున్నారు. మైకు దగ్గరగా పెట్టి ఆ చప్పుడును రికార్డు చేస్తారు, అదే వాళ్ళ ప్రచారం. వీళ్ళకంటే ముందు నుంచీ మన సెలూన్లలో క్షవరం అయ్యాక మెడ పట్టి అటూ ఇటూ విరవడం ఉంది. 2024లో బళ్ళారిలో ఒక యువకుడికి సెలూన్‌లో తల మసాజ్ చేస్తూ మెడ తిప్పాక పక్షవాతం వచ్చిందని పత్రికల్లో చూశాను. ఆ వార్త చదివిన రాత్రే ఒంగోలుకి ఫోన్ చేశాను.

మా నాన్నకి డెబ్బై రెండు. నలభై ఏళ్ళుగా ఒకటే సెలూన్, ఒకటే కుర్చీ.

"నాన్నా, ఈసారి మెడ మాత్రం తిప్పొద్దని చెప్పు."

"ఇన్నేళ్ళ నుంచీ తిప్పించుకుంటూనే ఉన్నాగా అమ్మాయ్, ఏమైంది? ఆ టప్‌మనేదాకా క్షవరం అయినట్టే ఉండదు నాకు."

నేను రక్తనాళాల గురించి చెప్పాను. బుడగ గురించి చెప్పాను. వినలేదు. చివరికి నాయనమ్మ మెటికల సంగతి ఎత్తాను, ఆవిడ రెండోసారి నొక్కితే ఎందుకు పలికేవి కావో చెప్పాను. కాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. "మా అమ్మ మెటికలు ఇంకా గుర్తున్నాయంటే నీకు" అన్నాడు.

మొన్న ఆదివారం తనే ఫోన్ చేశాడు. "చెప్పానమ్మా అతనికి. మెడ వదిలేసి, నెత్తిన కొబ్బరినూనె పెట్టి ఇంకో పది నిమిషాలు పట్టాడు. కుర్చీలోనే కునుకు పట్టేసింది" అన్నాడు. ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి వచ్చాట్ట.